వగరు తీసేశాక

పోయిన వారం చుక్కమ్మను ల్యాబు కిటికీ దగ్గర, చేతిలో ప్లాస్టిక్ ప్లేటుతో వదిలిపెట్టాం. ఆ ప్లేటు నిండా వేలిగోరంత గుంటలు. పదిహేడో ఆకు కషాయం వేసిన గుంటల్లో నీళ్ళు నీళ్ళలాగే ఉండాలి. అన్నీ పసుపుపచ్చగా మారాయి.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. చుక్కమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. గాజు గొట్టంలోంచి పడే చుక్కలు లెక్కపెడుతూ పదహారేళ్ళు గడిపినందుకు తోటివాళ్ళు పెట్టిన పేరు. మందు మొక్కల ఆకులు పరీక్షించే ఆ ల్యాబుకు పెద్ద, స్వయానా ఆమె వదిన. ఆ వదిన భర్త, అంటే చుక్కమ్మ అన్నయ్య, వీధి మలుపులో కళ్ళద్దాల షాపు నడిపేవాడు. పదకొండేళ్ళుగా షుగరు మనిషి. రోజుకు రెండు పూటలా పొట్టలో ఇన్సులిన్ సూది గుచ్చుకునేవాడు. ఐదు వారాల కిందట పాదానికి పుండు లేచి ఆసుపత్రిలో చేరాడు. తొమ్మిదో రోజున పోయాడు. ఐదు నెలలుగా ఆయన సూదులు మానేశాడనీ, పదిహేడో ఆకు కషాయం ఒక్కటే తాగుతున్నాడనీ చుక్కమ్మకు అక్కడి డాక్టరు చెప్తేనే తెలిసింది.

పదిహేడో ఆకు అంటే, నాలుగేళ్ళ కిందట వాళ్ళు పరీక్షించిన నలభై ఆకుల్లో పదిహేడోది. తిన్న పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొట్టే ఎంజైమును అది పూర్తిగా ఆపేసింది. ఆ ఫలితాన్ని ఈమధ్య అచ్చుకు పంపితే, పత్రికవాళ్ళు ఒకే ఒక్క ప్రశ్న వేసి తిప్పి పంపారు. వగరు తీసేశాక కూడా ఈ ఆకు పనిచేసిందా అని.

టీ చిక్కగా కాస్తే నాలుకను పట్టేస్తుందే, ఆ వగరు టానిన్లది. చాలా ఆకుల్లో ఉంటాయి. వాటికి తన పర తేడా లేదు. ఏ ప్రోటీను ఎదురుపడితే దాన్ని జలగలా పట్టుకుంటాయి. పరీక్షలో వాడే ఎంజైము కూడా ప్రోటీనే. కాబట్టి ఆకులో మందు లేకపోయినా, ఒట్టి వగరే ఎంజైమును కట్టిపడేసి, మందు దొరికిందన్న భ్రమ పుట్టించగలదు. అందుకే ఏ ఆకునైనా నమ్మేముందు వగరు తీసి మళ్ళీ పరీక్షించాలి. ఆ పనిలో ఇది ఓనమాలు. ఆ ఓనమాలే నాలుగేళ్ళ కిందట ఎవరూ దిద్దలేదు.

వగరు తీసిన కషాయంతో ప్లేటు పసుపుపచ్చగా మారింది మంగళవారం. శుక్రవారం దాకా చుక్కమ్మ ఎవరికీ చెప్పలేదు.

మళ్ళీ చేసింది. ఆకుపొడిని స్పిరిటు కలిపిన నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, తిరిగే ఫ్లాస్కులో ఇగిర్చింది. పాలిమైడ్ అనే తెల్లటి పొడిని నీళ్ళలో వేసి ఉబ్బనిచ్చింది. మూరెడు గాజు గొట్టం అడుగున దూది ఉండ పెట్టి, ఆ ముద్దను గాలిబుడగ లేకుండా మెల్లగా పోసింది. బుడగ ఉంటే కషాయం దాని పక్కనుంచి దొంగదారిన జారిపోతుంది. పైన కషాయం పోశాక వగరంతా పొడిని కరుచుకుని, గోధుమరంగు పట్టీలా గొట్టం పైభాగంలోనే నిలిచిపోయింది. కిందనుంచి లేత గడ్డిరంగు చుక్కలు పడ్డాయి. వాటిలో ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూసింది. వగరు మిగిలి ఉంటే సిరాలా నల్లబడాలి. నల్లబడలేదు. జెలటిన్ నీళ్ళు కలిపింది. పాలు విరిగినట్టు విరగాలి. విరగలేదు. అప్పుడు ఎంజైముతో కలిపి ప్లేటులో వేసింది.

పసుపుపచ్చ. ఎంజైము తన పని తాను హాయిగా చేసుకుపోతోందనీ, ఆకు దాని జోలికే వెళ్ళలేదనీ దాని అర్థం.

గురువారం కాంటీన్ నుంచి పాలు కలపని టీ డికాక్షన్ ఒక గ్లాసు తెచ్చుకుంది. వగరు తీయకుండానే దాన్ని ఎంజైముతో కలిపి చూసింది. ఆ గుంటలు నీళ్ళలా తేటగా ఉండిపోయాయి. నాలుగేళ్ళ పరిశోధన సాధించినది కాంటీన్ కెటిల్ కూడా సాధించింది. ఇంకెప్పుడైనా అయితే ఈ మాట అన్నయ్యకు చెప్పి ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకునేవాళ్ళు.

ఏడుపు వస్తుందని కాసేపు కాచుకుంది. రాలేదు. పంటి డాక్టరు మత్తు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో, ఐదు వారాలుగా ఒళ్ళంతా అలాగే ఉంది ఆమెకు. గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది. నొప్పి మాత్రం పుట్టదు. గొట్టం కడిగింది, ఫ్లాస్కులు కడిగింది, కడిగినవాటినే మళ్ళీ కడిగింది. నోటుబుక్కులో తేదీ వేసి, ఫలితం రాసి, కింద సంతకం చేసింది. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా, ముత్యాల్లా వచ్చింది. దాన్ని చూసి ఆమెకే కొంచెం వింతగా అనిపించింది.

మదిలో మాత్రం ఒక భోజనాల బల్ల పదేపదే కనిపించింది. ఎలుకల మీద చేసిన పరీక్ష కూడా బాగా వచ్చిన సాయంత్రం అది. ఆకు దొరికింది అన్నయ్యా అని వార్త మోసుకెళ్ళింది తనే. చిన్న సీసాలో కషాయం తీసుకెళ్ళి రుచి చూపించిందీ తనే. ఆయన ఒక చెంచా నోట్లో వేసుకుని, ముఖమంతా ముడుచుకుపోయి, ఇంత వగరుగా ఉన్నది పనిచెయ్యకుండా ఎలా ఉంటుందే అన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, మన పెరట్లో రెండు చెట్లూ పనికొచ్చాయి చూడు అని పెళ్ళాన్నీ చెల్లెల్నీ చూపించి మురిసిపోయాడు. ఎలుకలకు షుగరు ఎందుకు తగ్గిందో చుక్కమ్మకు ఇప్పుడు తెలుసు. కషాయం కలిపిన మేత వగరుగా ఉండి, అవి సరిగ్గా తినలేదు. మేత తూకం కాగితాలు అప్పుడూ ఉన్నాయి. ఎవరూ తిరగెయ్యలేదు.

శుక్రవారం పదిన్నరకు ఆమె నోటుబుక్కు పట్టుకుని వదిన గది తలుపు తట్టింది.

చిన్న గది. ఇనుప బల్ల, రెండు కుర్చీలు, గోడవారగా ఫైళ్ళ అలమర, మూలన కుండీలో పదిహేడో ఆకు మొక్క. వదిన వయసు నలభై తొమ్మిది. భర్త పోయిన ఎనిమిదో రోజునే పనిలోకి వచ్చింది. అప్పట్నుంచి ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. బల్లమీద ఆసుపత్రి నుంచి వచ్చిన జాబితా ఉంది. సోమవారం నుంచి ఇరవై నాలుగు మంది షుగరు రోగులకు పదిహేడో ఆకు ఇచ్చి చూడబోతున్నారు. వదిన ఆ జాబితాలో వయసుల పక్కన పెన్సిలుతో టిక్కులు పెడుతోంది.

ల్యాబులో ఉన్నంతసేపూ మేడమ్, మీరు. గుమ్మం దాటితే వదినా, నువ్వు. పదహారేళ్ళుగా ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. చుక్కమ్మ నోటుబుక్కు తెరిచి బల్లమీద పెట్టి, ఒకసారి చూడండి మేడమ్ అంది.

వదిన చదివింది. మూడు పేజీలు. మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది. పొడి ఎంత తీసుకున్నావు, ఎంజైము పాతదా కొత్తదా. చుక్కమ్మ జవాబు చెప్పింది. టీ డికాక్షన్ పేజీ దగ్గర వదిన వేలు ఆగింది. ఆ అంకెలను కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చదువుకుంది. తర్వాత పెన్సిలు బల్లమీద పెట్టింది. అది దొర్లి కింద పడింది. ఇద్దరూ వంగలేదు.

గోల జరుగుతుందనుకుని వచ్చింది చుక్కమ్మ. కనీసం గొట్టంలో బుడగ ఉండి ఉంటుందని వదిన వాదిస్తుందనుకుంది. దానికి జవాబులు కూడా వరస పెట్టుకుంది. ఒక్కటీ అవసరం పడలేదు. పక్క గదిలో ఫ్రిజ్ ఆగి, మళ్ళీ గుర్రుమని మొదలైంది.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అదే అసలైనది.

"నాలుగేళ్ళ కిందట ఈ మెట్టు వదిలేసింది నేనే వదినా," అంది చుక్కమ్మ. వదినా అన్నానని ఆమెకు ఆ క్షణంలో తెలియలేదు. "స్టోరులో పాలిమైడ్ లేదన్నారు. మూడు నెలలు పడుతుందన్నారు. వగరు తీయడం తర్వాత, అని రాసి పక్కన పెట్టాను. ఆ తర్వాత మర్చిపోయాను."

వదిన ఆమె ముఖంలోకి చూసింది. ఐదు వారాల్లో మొదటిసారి నిజంగా చూసినట్టు చూసింది.

"మర్చిపోలేదు నువ్వు. రెండుసార్లు నన్ను అడిగావు. రెండుసార్లూ, ముందు ఎలుకల పని కానియ్యమని నేనే చెప్పాను."

చుక్కమ్మకు అది గుర్తులేదు. తవ్వి చూసుకుంటే, కారిడారులో నిలబడి ఏదో అడగడం, వదిన ఫోను చెవి దగ్గర పెట్టుకునే చెయ్యి ఊపడం లీలగా మెదిలాయి. గుండె మీది బండ దిగుతుందేమోనని చూసింది. దిగలేదు. మూడోసారి ఎందుకు అడగలేదు అన్న ప్రశ్న దాని చోటులోకి వచ్చి కూర్చుంది. పాలిమైడ్ డబ్బా ఆ తర్వాత వచ్చింది కూడా. సీలు విప్పకుండా నాలుగేళ్ళు పై అరలో ఉంది. దాని కింద అరలోంచి ఆమె రోజూ దూది తీసుకునేది.

"మూడోసారి అడగలేదుగా," అంది.

"లేదు," అంది వదిన. ఓదార్చాలనీ చూడలేదు, తప్పు మోపాలనీ చూడలేదు. అడగలేదు కాబట్టి లేదంది.

ఆ తర్వాత ఆమె బల్ల సొరుగు లాగి, అట్ట నలిగిన బడిపిల్లల నోటుబుక్కు ఒకటి తీసి చుక్కమ్మ వైపు తోసింది. లోపల వదిన చేతిరాత. ఎడమవైపు తేదీలు, కుడివైపు అంకెలు. రోజూ పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి. మొదటి పేజీ తేదీ చూసి చుక్కమ్మ వేళ్ళమీద వెనక్కి లెక్కపెట్టుకుంది. అన్నయ్య ఆసుపత్రిలో చేరడానికి సరిగ్గా ఐదు నెలల ముందు.

అవి ఆయన షుగరు అంకెలు.

సూదులు మానేసిన సంగతి ఎవరికీ తెలియదనే ఐదు వారాలుగా ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడు వదిన తల అడ్డంగా ఊపడం చుక్కమ్మ కళ్ళారా చూసింది.

"నీకు తెలుసా?" అని అడిగింది.

తెలుసంది వదిన. ఫ్రిజ్‌లో కొత్త ఇన్సులిన్ పెట్టె పెట్టింది పెట్టినట్టే ఉండిపోవడం నాలుగో రోజుకే గమనించానంది. ఆయన్ని అడగలేదట. ఆయనా చెప్పలేదట. కానీ అంకెలు మాత్రం ఇద్దరూ కలిసే చూసేవాళ్ళు. ఆయన వేలు చాపేవాడు, ఈమె గుచ్చేది. మొదటి నెలంతా బాగానే ఉన్నాయి. సూది పీడ వదిలిందన్న ఉత్సాహంలో ఆయన రోజూ ఆరు కిలోమీటర్లు నడిచాడు, తీపి ముట్టలేదు. ఆ మహిమంతా ఆకుదే అనుకున్నారు. రెండో నెలలో అంకెలు పెరిగాయి. మీటరులో వేసే స్ట్రిప్పులు పాతబడ్డాయేమోనని కొత్త డబ్బా తెప్పించింది. ఇంకా పెరిగాయి. మోతాదు చాలడం లేదేమో, ఎక్కువ చేసి పెట్టు అని ఆయనే అడిగాడు. రోజుకో సీసా చేసేది కాస్తా, క్యాను నిండా చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇదంతా వదిన ఎవరిదో కథ చదువుతున్నట్టు చెప్పింది.

చుక్కమ్మ పేజీలు తిప్పింది. నూట నలభై. నూట యాభై ఐదు. రెండువందల పది. మూడువందల నలభై. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. చివరి పేజీలో ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన పొద్దుటి అంకె కూడా ఉంది.

"సూది వేసుకోమని ఒక్కమాట ఎందుకు చెప్పలేదు?"

వదిన అరచేతులు రెండూ బల్లమీద ఆనించి, వాటినే చూసుకుంటూ కూర్చుంది.

"చూద్దామనుకున్నాను," అంది చివరికి. "ఆకు నిజంగా పనిచేస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. రోజూ ఇంకొక్క రోజు చూద్దాం అనుకున్నాను. నూటయాభై రోజులు అలా అనుకున్నాను."

చుక్కమ్మకు కోపం రావాలి. తోడబుట్టినవాడు. చిన్నప్పుడు బడికి వేలు పట్టుకుని తీసుకెళ్ళినవాడు. కోపం కోసం లోపల చెయ్యి పెట్టి వెతికింది. అడుగున గరుకుగా ఏదో తగిలింది గానీ, పైకి రాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి చేతికున్న గాజు ఒకటి చిట్లి ఉండడం మాత్రం కనిపించింది. చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పలేదు. వంగి కిందపడ్డ పెన్సిలు తీసి బల్లమీద పెట్టింది.

వదిన ఫోను అందుకుంది. ఆసుపత్రికి చేసి, సోమవారం మొదలుపెట్టాల్సిన పని ఆపెయ్యమని చెప్పింది. అవతలివాళ్ళు వాయిదానా అని అడిగినట్టున్నారు. వాయిదా కాదు, రద్దు అంది. కారణం అడిగితే, వగరు తీసేశాక ఆకులో ఏమీ మిగల్లేదు, సాయంత్రంలోగా రాతపూర్వకంగా పంపుతాను అంది. రెండో ఫోను పత్రికకు. మా రచన వెనక్కి తీసుకుంటున్నాం అని ఒక్క వాక్యం. ఫోను పెట్టేశాక జాబితాలో ఇరవై నాలుగు పేర్ల మీదా అడ్డంగా గీత గీసింది. స్కేలు పెట్టి తిన్నగా గీసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయింది మన పని అంది వదిన. అన్నాక ఆ సామెతలో ఆకులున్నాయని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నవ్వులాంటిది ఒకటి వదిన పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. కనీసం ఆ ఇరవై నాలుగు మందైనా తప్పించుకున్నారు అంది చుక్కమ్మ. అవును అంది వదిన. ఉత్తరం నువ్వే రాయి, నీ చేతిరాత బాగుంటుంది, నేను చెప్తాను అని తెల్లకాగితం తీసి ఇచ్చింది. తప్పు ఎవరిదో రాసేచోట ఎవరి పేరు ముందు పెట్టాలని చుక్కమ్మ అడిగింది. సంతకం ఎవరిదో వాళ్ళదే అంది వదిన. సగం పేజీ అయింది. మూడు వాక్యాలు కొట్టేసి మళ్ళీ రాశారు. పదహారేళ్ళుగా పక్కపక్కన పనిచేసిన అలవాటు చేతులను నడిపించింది.

అప్పుడు కింద గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ ఫోను చేశాడు. ఎవరో పెద్దావిడ వచ్చింది, ఆకు మందు చేసే మేడమ్‌ను చూడాలంటోంది, ఎంత చెప్పినా వెళ్ళడం లేదు అన్నాడు. అతను మాట పూర్తిచేసేలోపే ఆవిడ మెట్లెక్కేసిందట.

అరవై దాటిన మనిషి. మూడంతస్తులు ఎక్కి ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడింది. భుజాన గుడ్డసంచి, చూపుడువేలి మొన మీద సూదిపోట్ల గరుకు. బట్టలు కుట్టుకుని బతుకుతానని తనే చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే, కాస్త సిగ్గుపడుతూ, సంచిలోంచి ఒక ఖాళీ సీసా తీసి బల్లమీద పెట్టింది.

వదిన ఆ సీసాను ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే ఆమె ముఖం బూడిదరంగుకు తిరిగింది. అడుగున ఎండి అంటుకున్న గోధుమరంగు మడ్డి ఏమిటో ఆ గదిలో ఇద్దరికి వాసన చూడకుండానే తెలుసు.

ఇది మీకెవరిచ్చారు అని చుక్కమ్మ అడిగింది.

కళ్ళద్దాల షాపాయన అంది ఆవిడ. షుగరు వల్ల చూపు మందగించి అద్దాల కోసం వచ్చినవాళ్ళను ఆయన కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడట. తన భార్య ఈ ల్యాబులో చేసే ఆకు మందుతో తనకు సూదుల పీడ ఎలా వదిలిందో చెప్పేవాడట. సాయంత్రం షాపు కట్టేసేముందు క్యానులోంచి ఎవరి సీసా వాళ్ళకు నింపి ఇచ్చేవాడట. పైసా తీసుకునేవాడు కాదు, దేవుడులాంటి మనిషి, నెలరోజుల పైనుంచి షాపు మూసే ఉంది, ఊరెళ్ళారా అని అడిగింది.



ఎంతమందికి ఇచ్చేవారు అని వదిన అడిగింది. గొంతు మామూలుగానే ఉంది. ఆవిడ గుర్తు తెచ్చుకుంటూ, సాయంత్రాలు తలుపు దగ్గర ఎప్పుడూ ఐదారుగురం ఉండేవాళ్ళం, పొద్దున పూట వచ్చేవాళ్ళు వేరే ఉన్నారనుకుంటా అంది. వదిన చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. చుక్కమ్మకు క్యాను కళ్ళముందు మెదిలింది. మోతాదు చాలడం లేదని ఆయన ఎందుకన్నాడో, ఇంకా చెయ్యమని ఎందుకు అడిగాడో ఇప్పుడు తేలింది. ఇరవై నాలుగు పేర్ల మీద స్కేలు పెట్టి గీసిన గీత అలాగే బల్లమీద ఉంది. వీళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ లేవు.

మీరు సూదులు మానేశారా అని అడిగింది చుక్కమ్మ.

"నాకు షుగరు లేదమ్మా. మా ఆయనకి. ఆయన ఎప్పుడో మానేశారు." ఆవిడ సీసాను కొంచెం ముందుకు జరిపింది. "పొదుపుగా పోసుకొచ్చిన మందు అయిపోయి ఎనిమిది రోజులైంది. నాలుగు రోజుల్నుంచి ఒకటే దాహం, ఎన్ని నీళ్ళు తాగినా తీరదు. పొద్దున్నుంచి పిలిస్తే పలకడం లేదు. కింద టాక్సీలో పడుకోబెట్టి వచ్చాను. ఒక్క సీసా ఇప్పించండి, లేచి కూర్చుంటారు."

చుక్కమ్మ మెట్లమీద ఉంది. లేచినట్టు గానీ, తలుపు తీసినట్టు గానీ ఆమెకు గుర్తులేదు. కాళ్ళు తమంతట తాము రెండేసి మెట్లు దిగుతున్నాయి. వెనక ఎక్కడో ఆవిడ చెప్పులు టపటపమంటున్నాయి.

గేటు ముందు టాక్సీ వెనక తలుపు తెరిచే ఉంది. డ్రైవరు బయట నిలబడి, మనిషి వాలకం బాగాలేదు, ముందే చెప్పాను ఆసుపత్రికి పోదామని అంటున్నాడు. సీటు మీద ఒరిగిపోయి ఒక ముసలాయన. పెదవులు ఎండి పొలుసులు లేచాయి. ఊపిరి మాత్రం పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా, గబగబా ఆడుతోంది. దాంట్లోంచి మగ్గిపోయిన పండు వాసన వస్తోంది. ఇన్సులిన్ అందని ఒంట్లో విషం పేరుకుంటే ఆ వాసన వస్తుందని చుక్కమ్మ చదువుకుంది. చెవి తమ్మె గట్టిగా గిల్లింది. కనురెప్ప అదిరింది గానీ తెరుచుకోలేదు.

ఆసుపత్రికి పోనివ్వండి అంది డ్రైవరుతో. ఆయన కాళ్ళు లోపలికి సర్ది, తాను పక్కన ఇరుక్కుని కూర్చుంది. తలుపు వేయబోతే పడలేదు. ఆవిడ వచ్చి రెండు చేతులతో తలుపు పట్టుకుని నిలబడింది.

"మందు పొయ్యకుండా ఎక్కడికీ తీసుకెళ్ళద్దు," అంది. "ఆసుపత్రికి తీసుకెళ్ళనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ సూదులంటే ఆయనకి చచ్చేంత భయం. ముందు మందు పొయ్యండి, లేస్తారు."

అది మందు కాదు పిన్నిగారూ అని చుక్కమ్మ చెప్పింది. ఉత్త వగరు నీళ్ళు అంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరి గొట్టంలోకి పోతుంది, ప్రాణం పోతుంది అంది. ఒక్కొక్క మాటా విడదీసి, నెమ్మదిగా చెప్పింది. ఆవిడ వింది. విని, షాపాయన అబద్ధం చెప్పే మనిషి కాదు అంది. పట్టుకున్న చేతులు వదల్లేదు. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి, ఎవరి మాట వినాలో తెలియక అద్దంలోంచి చూస్తున్నాడు. ముసలాయన ఊపిరి ఒకసారి ఆగి, మళ్ళీ అందుకుంది.

చుక్కమ్మ వదిన కోసం భవనం వైపు చూసింది. ఆకు కనిపెట్టిన మేడమ్ స్వయంగా చెప్తే ఆవిడ వినవచ్చు. ఒక్కమాట చాలు.

వదిన గుమ్మంలోంచి బయటికి వచ్చింది. పరుగెత్తడం లేదు. ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగి, టాక్సీ వైపే నడిచి వస్తోంది. ఆమెను చూడగానే తలుపు పట్టుకున్న ఆవిడ ముఖం విప్పారింది, చేతులు వదిలేసి ఎదురువెళ్ళింది.

వదిన చేతిలో ఒక సీసా ఉంది. గోధుమరంగు కషాయంతో, మూతిదాకా నిండుగా ఉంది.